సన్నబడ్డాక కడుపు సంగతి

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఆకలి చచ్చిపోవడం, తిన్నది అప్పుడప్పుడూ వాంతి కావడం, నెలనెలా బరువు తగ్గడం, ఒంట్లో రక్తం పడిపోవడం. నలభై దాటిన మహిళ ఎవరైనా ఈ అయిదూ వరసగా చెబితే డాక్టరు ముందుగా రాసే పరీక్ష ఎండోస్కోపీ. జీర్ణాశయంలో క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి కాబట్టి. అదే మహిళ అంతకుముందు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఈ అయిదింటినీ ఆపరేషన్ ఖాతాలో రాసేస్తారు. ఎక్కువమంది విషయంలో అది నిజమే. మిగిలే ఆ కొద్దిమంది కోసమే ఈ వ్యాసం.

ముంబైలో ఈ ఆపరేషన్ పేరు ఇంటింటికీ చేరింది 2017లో. ఈజిప్టు నుంచి దాదాపు 500 కిలోల బరువున్న మహిళను చర్నీ రోడ్‌లోని సైఫీ ఆస్పత్రికి తీసుకొచ్చినప్పుడు టీవీలన్నీ నెలల తరబడి ఆ వార్తే చెప్పాయి. సైఫీ నుంచి కామాటిపుర గల్లీలు ఎంతో దూరం కాదు. నిజాం రాజ్యం నుంచి తాపీ పనికీ, మట్టి పనికీ వలస వచ్చిన కామాటీల పేరుతో వెలిసిన పేట అది. తర్వాతి తరాల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి వర్లీ, నాయ్‌గావ్ చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ల భవనాల్లో, కాపురాలు పెట్టారు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ కట్టుకున్నారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పటి తరం ఆడవాళ్లలో చాలామంది కూర్చుని చేసే పనుల్లో ఉన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు దేశం మొత్తం మీద నూటికి 24 మంది అయితే, తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. పుట్టిన ఊరు వదిలి వచ్చినంత మాత్రాన ఈ లెక్క ముంబై తెలుగువాళ్లమైన మనల్ని వదలదు.

అందుకే లావు తగ్గే ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో ఆశతో పాటు ఒక ప్రశ్న కూడా వినిపిస్తుంది. "కడుపు కోయించుకుంటే ముందు ముందు క్యాన్సర్ వస్తుందటగా?"

ముందు ఒక గందరగోళం తీరాలి. 2015లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు వార్తల్లో వచ్చిన మాట లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే పద్ధతి అది. జీర్ణాశయం జోలికి పోదు. ఇక్కడ మాట్లాడుతున్నది బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి. ఇందులో కోసేదీ, దారి మళ్లించేదీ జీర్ణాశయాన్నీ పేగునూ. రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక క్యాన్సర్ భయం. అది గాల్లోంచి పుట్టింది కాదు. 1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జన్, 43 ఏళ్ల థెరీస్ హెల్లర్ జీర్ణాశయంలో క్యాన్సర్ పట్టిన కింది భాగాన్ని కోసేసి, మిగిలిన దాన్ని పేగుకు కుట్టాడు. అలాంటి ఆపరేషన్ తర్వాత రోగి బతికి లేచి తిరగడం అదే మొదటిసారి. వ్యాధి తిరగబెట్టి ఆమె కొన్ని నెలలకే పోయింది గానీ పద్ధతి నిలబడింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి కడుపులో అల్సర్లకు కూడా సర్జన్లు ఇదే చేశారు. 1922లో మేయో క్లినిక్‌కు చెందిన డొనాల్డ్ బాల్ఫోర్ ఒక ఇబ్బందికరమైన విషయం బయటపెట్టాడు. అల్సర్ కోసం జీర్ణాశయం కోయించుకున్న కొందరికి, ఏళ్లు గడిచాక, మిగిల్చిన ముక్కలో క్యాన్సర్ వస్తోంది. మొదట లేని జబ్బు అది. దీన్ని స్టంప్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయిన పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాతే ఇది ఎక్కువగా బయటపడుతుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది.

కారణం చాలావరకు పైత్యరసం. కాలేయంలో తయారై చిన్నపేగులోకి చేరే ఈ రసం మామూలుగా పైకి ఎగదన్నదు. జీర్ణాశయం చివర ఉండే పైలోరస్ అనే కండరపు ద్వారం దాన్ని అడ్డుకుంటుంది. ఆ ద్వారాన్ని తీసేసి పేగును నేరుగా కుడితే పైత్యరసం రోజూ జీర్ణాశయంలోకి వచ్చి లోపలి పొరను దెబ్బతీస్తుంది. పొర పుండవుతుంది, మానుతుంది, మళ్లీ పుండవుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే అక్కడి కణాలు తీరు మార్చుకుంటాయి.

బరువు తగ్గే ఆపరేషన్ పుట్టింది సరిగ్గా ఈ అల్సర్ ఆపరేషన్లలోంచే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్, అల్సర్‌కు జీర్ణాశయం కొంత తీయించుకున్న మహిళలు మళ్లీ ఒళ్లు చేయలేకపోవడం గమనించాడు. 1966లో ఊబకాయానికే ఆ మార్గం వాడాడు. అదే మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్. మూలం ఒకటే అయినప్పుడు, స్టంప్ క్యాన్సర్ ఇక్కడా వస్తుందా అన్న అనుమానం డాక్టర్లకే ముందు వచ్చింది. చాళ్లలో అడిగే ప్రశ్న వైద్యశాస్త్రం తనను తాను వేసుకున్న ప్రశ్నే.

జవాబు ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా చేసేవి మూడు. మొదటిది స్లీవ్. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం నిలువుగా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక గొట్టం. తీసేసిన పై భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్న హార్మోన్ ఇది. స్లీవ్ తర్వాత కొంతకాలం ఆకలి అన్నదే తెలియకపోవడానికి ఇదొక కారణం. రెండోది బైపాస్. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం విడదీసి, దాన్ని పేగుకు కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది, తిండి మాత్రం అటు వెళ్లదు. మూడోది మినీ బైపాస్. కుట్టు ఒక్కచోటే. సంచి పొడుగ్గా ఉంటుంది. మన దేశంలో దీనికి ఆదరణ ఎక్కువ. పైత్యరసం సంచిలోకి ఎగదన్నే అవకాశం ఈ మూడింటిలో దీనికే ఎక్కువ కాబట్టి పాత స్టంప్ క్యాన్సర్ భయాన్ని దీని విషయంలోనే ఎక్కువగా చర్చిస్తారు.

స్లీవ్ గురించి ఒక అపోహ ఉంది. ముప్పాతిక వంతు తీసేశాక క్యాన్సర్ రావడానికి చోటెక్కడ మిగిలింది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మామూలు జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా పుట్టే చోట్లు కింది భాగమైన ఆంట్రమ్, లోపలి వంపు. స్లీవ్‌లో మిగిలేవి సరిగ్గా ఆ రెండే.

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి రావాలి. జీర్ణాశయ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి మూలం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ దీన్ని 1982లో వెలికితీశారు. పుండ్లకు కారణం ఇదేనని ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1994లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఇది చిన్నతనంలోనే సోకుతుంది. ఒకే గదిలో ఎక్కువమంది ఉండే ఇళ్లలో, నీళ్లూ పారిశుద్ధ్యమూ బాగాలేని చోట తేలిగ్గా పాకుతుంది. వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీలో (ఒంటిగది ఇంట్లో) ఎనిమిది మంది పెరిగిన కుటుంబాల్లో ఇది ఉండటం వింతేమీ కాదు. సోకిన ప్రతివారికీ క్యాన్సర్ రాదు. మన దేశంలో ఈ బాక్టీరియా విపరీతంగా ఉన్నా జీర్ణాశయ క్యాన్సర్ జపాన్, కొరియాలతో పోలిస్తే చాలా తక్కువ. శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా తల పట్టుకుంటున్న చిక్కుముడి ఇది. మిజోరంలో మాత్రం ఈ క్యాన్సర్ చాలా ఎక్కువ.

బాక్టీరియా వల్ల పొర వాస్తుంది. వాపు మానక పొర పలచబడుతుంది. పలచబడ్డ చోట పేగు కణాల్లాంటివి మొలుస్తాయి. వాటిలో కొన్ని అదుపు తప్పుతాయి. పెలాయో కొరియా అనే శాస్త్రవేత్త వివరించిన ఈ మెట్ల వరస పూర్తికావడానికి దశాబ్దాలు పడుతుంది. అంటే ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్లకో క్యాన్సర్ బయటపడితే దాని బీజం చాలామందిలో కత్తి పడకముందే ఉండి ఉంటుంది. ముందే ఎండోస్కోపీ చేసి చూడాలనడం అందుకే. నా దృష్టిలో ఎండోస్కోపీ లేకుండా ఎవరూ ఈ ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు. గుండె పరీక్షా, రక్త పరీక్షలూ ఎంత తప్పనిసరో ఇదీ అంతే.

మరి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో క్యాన్సర్ పెరిగిందా? పెద్ద లెక్కలు ఉన్నాయి, అవి ధైర్యం చెప్పేవే. ఫ్రాన్స్‌లో బేరియాట్రిక్ ఆపరేషన్ అయిన 3,03,709 మందినీ, ఊబకాయం ఉండి ఆపరేషన్ చేయించుకోని 6,05,140 మందినీ పోల్చిన అధ్యయనం 2023లో వెలువడింది. అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు కలిపి చూస్తే ఏడాదికి లక్షమందిలో ఆపరేషన్ అయినవాళ్లకు 4.9, కానివాళ్లకు 6.9. పెరగలేదు సరికదా తగ్గింది. ఊబకాయమే ఒక ముప్పు కావడం దీనికి ఒక కారణం కావచ్చు. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట వచ్చే క్యాన్సర్‌కూ అధిక బరువుకూ సంబంధం ఉందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అధిక బరువుతో ముడిపడినవని అది గుర్తించిన 13 క్యాన్సర్లలో అదొకటి.

మహిళల విషయంలో ఇంకా పెద్ద శుభవార్త ఉంది. స్వీడన్‌లో 1987 నుంచి 2001 వరకు మనుషులను చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఆపరేషన్ అయిన మహిళలకు అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి ముప్పు నూటికి 42 పాళ్లు తగ్గింది. మగవాళ్లలో తేడా కనిపించలేదు. కొవ్వు కణాలు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తయారుచేస్తాయి. నెలసరి ఆగిపోయాక కూడా ఆ ఉత్పత్తి ఆగదు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ దీనివల్ల పెరుగుతాయి. కొవ్వు కరిగితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ముంబై మహిళల్లో ముందు వరసలో ఉన్నది రొమ్ము క్యాన్సరే, జీర్ణాశయ క్యాన్సర్ కాదు. కాబట్టి నిజంగా అవసరమైన మహిళ ఈ ఒక్క భయంతో ఆపరేషన్ మానుకోవడం తప్పు.

అయితే ఈ లెక్కలు చూసి కళ్లు మూసుకోవడమూ తప్పే. స్టంప్ క్యాన్సర్ బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టింది. స్లీవ్ ప్రపంచమంతా పాకింది గత పదిహేనేళ్లలోనే. ముప్పై ఏళ్ల వయసులో చేయించుకున్న మహిళకు ఇంకా నలభై ఏళ్ల జీవితం ఉంటుంది. పైగా స్లీవ్ తర్వాత చాలామందికి పులితేన్పులు, ఛాతీలో మంట మొదలవుతాయి, ముందే ఉంటే ఎక్కువవుతాయి. గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. అన్నవాహిక కింది కొసలో పొర మారే బారెట్ అనే స్థితి స్లీవ్ అయినవాళ్లలో కొందరికి కొత్తగా కనిపిస్తోంది. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు ముందు మెట్టు. ఈ మంటకు మన దగ్గర అందరూ చేసే పని మెడికల్ షాపుకెళ్లి గ్యాస్ మాత్ర తెచ్చుకోవడం. మాత్ర మంటను ఆపుతుంది, పొర ఎలా ఉందో చెప్పదు. నెలల తరబడి వాడితే హెలికోబాక్టర్ పరీక్షను కూడా తప్పుదారి పట్టిస్తుంది. శ్వాస పరీక్షకూ, మల పరీక్షకూ రెండు వారాల ముందు డాక్టరును అడిగి ఆ మాత్రలు ఆపాలి.

మొదట్లో చెప్పిన అయిదు లక్షణాల దగ్గరికి మళ్లీ వెళ్దాం, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. రక్తహీనతనే తీసుకోండి. జీర్ణాశయ క్యాన్సర్‌లో పుండు నుంచి రక్తం కొంచెం కొంచెంగా కారి హిమోగ్లోబిన్ పడిపోతుంది. బైపాస్ అయినవాళ్లలో ఇనుము పీల్చుకునే పేగు భాగాన్ని దాటేసి తిండి వెళ్తుంది కాబట్టి రక్తహీనత మామూలే. నెలసరి వచ్చే వయసైతే దాన్నీ కలుపుతారు. అసలే మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో నూటికి 57 మందికి రక్తం తక్కువ. ఇన్ని కారణాలు సిద్ధంగా ఉన్నప్పుడు మరో కారణాన్ని ఎవరు వెతుకుతారు? లోపల రక్తం కారితే మలం నల్లబడాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు మలం ఎలాగూ నల్లగానే ఉంటుంది. ఒక్కో లక్షణానికీ ఒక్కో సాకు దొరుకుతుంది. ఆడవాళ్ల ఒంటి బాధలను ఇంట్లోవాళ్లూ, ఆడవాళ్లే కూడా, చివరిదాకా సర్దిచెప్పుకునే అలవాటు దీనికి తోడు.

కాబట్టి ఆపరేషన్ అయినవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన లెక్క వేరు. బరువు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ల దాకా తగ్గి ఒకచోట ఆగుతుంది. తర్వాత కాస్త పెరుగుతుంది కూడా. అలా ఆగిన బరువు ఏ ప్రయత్నమూ లేకుండా మళ్లీ తగ్గడం మొదలుపెడితే అది సంతోషించే విషయం కాదు. మానిపోయిన వాంతులు కొత్తగా వచ్చినా, ముద్ద గొంతు దిగక ఛాతీలో ఆగుతున్నట్టున్నా, మాత్రలు సరిగ్గా వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగకపోయినా ఎండోస్కోపీ చేయించాల్సిందే. "ఆపరేషన్ అయింది కదా, మామూలే" అని ఎవరన్నా వినొద్దు.

బైపాస్‌కు ఇంకో చిక్కు ఉంది. లోపల వదిలేసిన పెద్ద జీర్ణాశయంలోకి నోటి నుంచి వేసే మామూలు ఎండోస్కోపు వెళ్లలేదు. అక్కడ ఏదైనా పెరిగితే చూడటానికి సీటీ స్కాన్ తీయాలి, లేదా ప్రత్యేకమైన పొడుగాటి స్కోపుతో పేగంతా చుట్టి రావాలి. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉండే జపాన్, కొరియా సర్జన్లు కంటికి కనిపించని జీర్ణాశయాన్ని లోపల వదలడానికి అందుకే వెనకాడతారు. అమ్మకో, అక్కకో, మేనమామకో ఈ క్యాన్సర్ వచ్చిన కుటుంబమైతే ఆ మాట సర్జన్‌కు ముందే చెప్పాలి. ఏ రకం ఆపరేషన్ చేయాలన్న నిర్ణయమే మారవచ్చు. సీడీహెచ్1 అనే జన్యువులో లోపం వల్ల వంశపారంపర్యంగా వచ్చే జీర్ణాశయ క్యాన్సర్ ఉందని 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తేలింది. ఇది చిన్న వయసులోనే వస్తుంది, పొర కింద కనిపించకుండా పాకుతుంది.

బేరియాట్రిక్ సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య 2020లో చెప్పింది స్పష్టంగానే ఉంది. స్లీవ్ గానీ మినీ బైపాస్ గానీ అయినవాళ్లు ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి ఎండోస్కోపీ చేయించుకోవాలి, బాధ ఉన్నా లేకపోయినా. నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. పరేల్‌లోని కేఈఎం, ముంబై సెంట్రల్ దగ్గరి నాయర్, బైకుల్లా దగ్గరి జేజే, ఈ మూడూ ప్రజల ఆస్పత్రులే, మూడు చోట్లా ఈ సౌకర్యం ఉంది. లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుని తర్వాత దీనికి వెనకాడటం నాకు అర్థం కాదు.

అర్హత గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఆసియా దేశాలవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే కొలత) 27.5 నుంచే ఈ ఆపరేషన్‌ను సూచించవచ్చన్నాయి. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు అది 66 కిలోలు. మన బీమా నియంత్రణ సంస్థ నిబంధనల్లో మాత్రం బీఎంఐ 40, లేదా షుగరు వంటి తీవ్రమైన జబ్బులుంటే 35. అదే ఎత్తుకు 96, 84 కిలోలు. 66 కిలోలున్న పెళ్లీడు పిల్లను సన్నబడాలని ఆపరేషన్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ తేడా తెలుసుకోవాలి. ఆమెకు లాభం తక్కువ, ఆ కడుపును కనిపెట్టుకుని ఉండాల్సిన ఏళ్లు ఎక్కువ.

ఇక మనలాంటి వలస కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న సమస్య కాగితాలది. ముంబైలో ఆపరేషన్ అవుతుంది. ఆరేళ్ల తర్వాత కరీంనగర్‌లోనో, సిరిసిల్లలోనో కడుపునొప్పి వస్తుంది. అక్కడి డాక్టరు ఏం ఆపరేషన్ అని అడిగితే "లావు తగ్గేది" అన్న జవాబు తప్ప ఇంకేమీ ఉండదు. స్లీవా, బైపాసా, మినీ బైపాసా తెలియకపోతే లోపల ఏ దారి ఎటు పోతుందో ఎండోస్కోపీ చేసే డాక్టరుకు అంతుపట్టదు. వర్లీ బీడీడీ చాళ్ల స్థానంలో కట్టిన కొత్త భవనాల్లో మొదటి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలు ఇచ్చారు. నాయ్‌గావ్‌లోనూ పనులు సాగుతున్నాయి. ఇళ్లు మారేటప్పుడు ముందు పోయేవి పాత ఫైళ్లే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే ఈ వారమే ఆ ఫైలు తీయండి. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు, తేదీ చూసి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. స్లీవ్ అయితే బయటికి తీసిన జీర్ణాశయాన్ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చిన రిపోర్టు ఒకటి ఉండాలి. దాన్ని చాలామంది చదవనే చదవరు. హెలికోబాక్టర్ ఉందా, పొర మారిందా అన్నది అందులోనే రాసి ఉంటుంది. అది లేకపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్లి కాపీ అడగండి. మీ రికార్డు అడిగి తీసుకోవడం మీ హక్కు. బాక్టీరియా ఉందని అందులో ఉంటే రెండు వారాల మందుల కోర్సు ఉంది, అది వాడి, పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించండి.